నమోదైన చిరునామా

లైబ్రరీ వెనక గది,
సోమవారం

అక్కా,

ఈ ఉదయం వైరుబాబు చొక్కా గుండీలు ఒక కాజా తప్పించి పెట్టుకుని వచ్చాడు. మా లైబ్రరీలో కంప్యూటర్లు చూసుకునేది అతనే. చొక్కా మీద ముడత పడితే రోజంతా దాన్నే సర్దుకునే మనిషి. నేను తాళం తీయడానికి వెళ్ళేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "ఏమైంది?" అన్నాను. "పోయాయండీ" అన్నాడు. నేను పుస్తకాలనుకున్నాను.

పోయినవి సభ్యుల ఖాతాలు. ఎవరో దూరంగా కూర్చుని మా కంప్యూటర్లోకి చొరబడి అన్నీ ఎత్తుకుపోయారు. తీసుకెళ్ళి నెట్‌లో పెట్టారు. ఎవరైనా దించుకోవచ్చు. పేరు, ఇంటి చిరునామా, ఫోను, పాస్‌వర్డు, ఇంతవరకు తీసుకెళ్ళిన పుస్తకాలు, అన్నీ.

"పోయాయంటే? ఇప్పుడవి మన దగ్గర లేవా?" అని సెక్రటరీ గారు అడిగారు.

"మన దగ్గరా ఉన్నాయండీ. అందరి దగ్గరా ఉన్నాయి" అన్నాడు వైరుబాబు.

నేను ముందు వెతికింది నీ పేరే. ఉంది. ఇప్పటి చిరునామాతోనే ఉంది, కళ్ళజోళ్ళ కొట్టు మేడ మీద అని, సందు గుర్తుతో సహా. దూరాన ఉన్న సభ్యులకి పుస్తకాలు పోస్టులో పంపుతారు కదా అని మనిద్దరం కలిసే కదా మార్పించాం. బావకి తెలియకూడదని నువ్వు ఫోను పారేశావు. స్నేహితుల్ని వదులుకున్నావు. నాతో కూడా కాగితం మీదే మాట్లాడుతున్నావు. లైబ్రరీ ఖాతా ఎవరు చూస్తారులే అనుకున్నాం.

పాస్‌వర్డులు మార్చుకోమని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాను. నీకేం చెప్పాలో తెలియడం లేదు. వెంటనే రాయి.

నీ చెల్లి


కొట్టు మేడ మీద,
శుక్రవారం

సిస్టరమ్మా,

నీ ఉత్తరం చదివి ముందు కిటికీ వేశాను. తర్వాత నాకే నవ్వొచ్చి తీశాను. ఈ కిటికీ కోసమే కదా ఈ గది తీసుకున్నది. గాలి వస్తుంది, కింద కొట్టులో అద్దాలు సాన పట్టే చప్పుడు వస్తుంది. అన్నిటికన్నా, తలుపు గడియ లోపలి వైపున ఉంది.

నువ్వు హడలిపోకు. నా పేరొక్కటే ఉందా అందులో? ఊరంతా ఉంది. మీ బావ కూర్చుని వాళ్ళందర్నీ దాటుకుంటూ నా దాకా వస్తాడా? ఆ మనిషి జన్మలో లైబ్రరీ గడప తొక్కలేదు. నేను పుస్తకం పట్టుకుంటే "అందులో ఏముందో నాకు చెప్పు, ఇద్దరం చదివినట్టుంటుంది" అనేవాడు. చెప్పాక పుస్తకం తీసి పైన పెట్టేసేవాడు. అసలు ఇలాంటి దొంగతనం ఒకటి జరిగిందని కూడా ఆయనకి తెలియదు. తెలియనివాడు వెతకడు.

నాకిక్కడ బాగుంది. కొట్టు పెద్దాయన నాకు ఫ్రేములు బిగించడం పూర్తిగా అప్పగించేశాడు. ఆయన చేసేదల్లా గోడ మీద అక్షరాలు చదివించడం. నిన్న ఒకావిడ ఆఖరి వరుస గబగబా చదివేస్తే, "అమ్మా, కనబడి చదివారా, బట్టీ పట్టి చదివారా?" అన్నాడు. "మీ కొట్టుకొచ్చి ఎన్నేళ్ళైందండీ, ఆ బోర్డు మార్చరా?" అందావిడ. కొట్టంతా నవ్వాం. ఆయనకి ఆ వరుస కనబడదు, అందుకే మార్చడు. ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు.

పోస్టులో ఈసారి పెద్ద పుస్తకం పంపు. సన్నవి రెండు రోజుల్లో అయిపోతున్నాయి. ఇంకొక్క మాట. ఆయన్ని బావ అనడం మానెయ్. నేనూ మానేస్తాను.

అక్క


లైబ్రరీ కౌంటరు,
బుధవారం

అక్కా,

నువ్వు నవ్వావని చదివి నాకు కొంచెం ఊపిరి ఆడింది. పెద్ద పుస్తకమే పంపాను.

ఇక్కడ కౌంటరు ముందు రోజూ గుంపే. పాస్‌వర్డు గురించి అడిగేవాళ్ళు తక్కువ. ఎవరు ఏం చదివారన్నది బయటపడింది కదా, వాళ్ళ బాధంతా అదే. రిటైరైన హెడ్మాస్టరు గారు గుర్తున్నారా, పుస్తకం మూల మడిచి ఇస్తే నన్ను నిలబెట్టి తిట్టేవారు? ఆయన తీసుకున్నవన్నీ ప్రేమ నవలలు. వాళ్ళావిడతో కలిసి వచ్చారు. ఆవిడ కౌంటరు మీద చెయ్యేసి, "ఏవండీ, ఇవన్నీ నాకోసమేనని కదా తెచ్చేవారు? మరి నాకు ఒక్కటీ ఇవ్వలేదేంటండీ?" అంది. ఆయన పైకప్పు చూశారు. ఆవిడ కోపంగా లేదు. ఇంటికెళ్ళేటప్పుడు ఒకటి తీసుకెళ్ళింది.

మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చింది. వాళ్ళ నాన్న తీసుకెళ్ళిన పుస్తకాల పేర్లు ఫోనులో చూపించింది. అన్నీ ఒకే జబ్బు మీద. "మా ఇంట్లో ఎవరికీ లేదండీ ఇది. ఆయనెందుకు చదువుతున్నారు?" అని నన్ను అడిగింది. కుర్చీ వేశాను. కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది.

సభ్యులందరికీ నోటీసు పంపాలని కమిటీ కూర్చుంది. సెక్రటరీ గారు "కొంత సమాచారం బయటపడి ఉండవచ్చు" అని రాయించబోయారు. అక్కా, నేను మాట్లాడాను. మీటింగులో నేను నోరు విప్పడం ఇదే మొదలు. "ఏ సమాచారమో చెప్పకపోతే వాళ్ళు ఎలా జాగ్రత్త పడతారండీ?" అన్నాను. అందరూ నావైపు తిరిగారు. సెక్రటరీ గారు, "కాన్వెంటులో చదివావు కదమ్మా, నువ్వే రాసి పెట్టు" అన్నారు.

రాశాను. తప్పు మాదేనని మొదటి వాక్యంలోనే ఒప్పుకున్నాను. కింద, "మా వద్ద నమోదై ఉండి, బయటపడిన మీ వివరాలు ఇవి" అని ఎవరివి వాళ్ళకి పూర్తిగా కనబడేలా పెట్టాం. వైరుబాబు ఏదో చేశాడు, ప్రతి నోటీసులో ఆ సభ్యుడి వివరాలు వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. "ఇంత నిజాయితీగా ఎవరూ పంపరండీ" అన్నాడు. సంతోషమేసింది. నిన్న పొద్దున్నే అందరికీ వెళ్ళిపోయాయి.

నోటీసులు వెళ్ళాక, నీ వివరాలు తీసేయగలవా అని అతన్ని పక్కకి పిలిచి అడిగాను. "మన దాంట్లోంచి ఇప్పుడే తీసేస్తాను. బయట ఉన్నది మన చేతిలో లేదండీ" అన్నాడు. అతనికి అక్క ఉంది. నా ఎదురుగానే తీసేశాడు.

అక్కా, గది మారకూడదూ? కొన్నాళ్ళకైనా?

నీ చెల్లి


కొట్టు మేడ మీద,
సోమవారం

సిస్టరమ్మా,

గది మారను. ఒకసారి సంచి సర్దుకుని వచ్చినదాన్ని కాబట్టి చెబుతున్నాను, అది రెండోసారి చేయగలిగే పని కాదు. మొదటిసారి కోపం ఉంది, కోపమే నడిపించింది. ఇప్పుడు కోపం లేదు. ఇక్కడ నాకొక కుర్చీ ఉంది, దాని మీద నా దిండు ఉంది. పెద్దాయన కొట్టు మూసేటప్పుడు "అమ్మాయ్, మెట్ల దీపం వెయ్యనా?" అని అడుగుతాడు. ఇవి వదులుకుని ఎక్కడికి పోను?

హెడ్మాస్టరు గారి సంగతి చదివి పడీ పడీ నవ్వాను. ఆయన నాచేత గోడ కుర్చీ వేయించేవాడు.

నువ్వు మీటింగులో మాట్లాడావంటే నమ్మలేకపోయాను. చిన్నప్పుడు నీకు దాహమేస్తే నేను అడగాలి నీళ్ళు. ఇప్పుడు కమిటీ నోరు మూయించావు. పెద్దదానివైపోయావు.

అన్నట్టు, అందరికీ పంపానన్నావే ఆ నోటీసు, నాకు రాలేదేం? పోస్టులో కదూ పంపేది? పుస్తకం వచ్చింది, నీ ఉత్తరం వచ్చింది, అదొక్కటే రాలేదు. నువ్వు అంత బాగా రాశానన్నావని ఎదురు చూస్తున్నాను. నాది ఎటు పోయింది?

అక్క


లైబ్రరీ వెనక గది,
గురువారం

అక్కా,

నిన్న కొట్టుకి ఫోను చేస్తే నువ్వు "సరే, విన్నాను" అని పెట్టేశావు. పక్కన కొనేవాళ్ళు ఉన్నారేమో. నేనూ సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే మళ్ళీ రాస్తున్నాను.

నోటీసులు పోస్టులో పంపలేదు. ఖాతాలో నమోదైన మెయిలుకి పంపాం. నీ ఖాతాలో మనం చిరునామా మార్చాం, ఫోను తీసేశాం. మెయిలు చూసుకోలేదు. అది నీ పెళ్ళైన కొత్తలో ఆయన నీకోసమని తెరిచిన మెయిలు. ఆయన ఫోనులోనే తెరుచుకుంటుంది. నువ్వు దాన్ని ఎప్పుడూ వాడలేదు కాబట్టి అది ఉందన్న సంగతి మనిద్దరికీ గుర్తు లేదు.

నోటీసు అక్కడికి వెళ్ళింది. ఆయన వెతకనక్కర్లేకుండా పోయింది. నీ పేరు, నీ చిరునామా, మేడ మీద అని, సందు మలుపులో అని, వరుసగా, శుభ్రంగా, నేను పెట్టమన్నట్టే ఉంది. ఆయన చదివాడు.

సెక్రటరీ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. "మీ అక్కగారికి క్షమాపణ చెబుతూ ఇంకో నోటీసు పంపిద్దామమ్మా" అన్నారు. "ఎక్కడికండీ?" అన్నాను. ఆయన మళ్ళీ కళ్ళజోడు తీశారు.

పోలీసు స్టేషనుకి వెళ్ళాను. బల్ల వెనక ఉన్న పోలీసు ఓపిగ్గానే విన్నాడు.

"అతను అక్కడికి వచ్చాడా?"

"ఇంకా లేదండీ."

"బెదిరించాడా? ఫోను చేశాడా?"

"అక్కకి ఫోను లేదండీ. ఆయన బెదిరించడు. ఇంట్లో పెట్టి బయట గడియ వేసి, జాగ్రత్త అని చెప్పి వెళ్ళేవాడు."

"అది అప్పుడు. ఇప్పుడేం చేశాడు?"

"ఏం చేయలేదండీ."

"ఏదైనా జరిగితే వెంటనే రండమ్మా."

"జరిగాక వస్తే ఏం లాభమండీ?"

"జరగకముందు నేనేమని రాసుకోను, చెప్పు?"

ఆయన మాటా తప్పు కాదు. బయటికొచ్చి బస్సు కోసం నిలబడి, రెండు బస్సులు వదిలేశాను.

అక్కా, బతిమాలుతున్నాను. నా దగ్గరికి రావద్దు, ఇది ఆయనకి తెలిసిన ఇల్లే. కానీ అక్కడ ఉండొద్దు. కుర్చీ, దిండు నేను కొనిపెడతాను. నన్ను తిట్టు. ఉత్తరం నిండా తిట్టు. కానీ కదులు.

నీ చెల్లి


(చిరునామా లేదు)
శనివారం

చిట్టీ,

నిన్ను తిట్టను. నీ నోటీసులో తప్పేముంది? నీ చేతికి ఏ పని ఇచ్చినా సగం చేయడం రాదు నీకు. చిన్నప్పుడు నేను ఆలస్యంగా ఇంటికొస్తే, "అక్క ఇప్పుడే వచ్చింది, చెప్పులు చేతిలో పట్టుకుని వచ్చింది" అని చెప్పేదానివి. అమ్మ అడిగింది ఎప్పుడొచ్చిందనే.

నువ్వు ఫోను చేసిన మర్నాడు నేను పని బల్ల దగ్గర కూర్చున్నాను. బాగుచేయాల్సిన కళ్ళజోళ్ళు ట్రేలో వరసగా ఉంటాయి, ఒక్కో దానికీ చీటీ కట్టి ఉంటుంది. ఒకటి తీశాను, బిగించాను. రెండోది తీశాను. మూడోది చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది. ఎడమ కాడ కొంచెం బయటికి వంగి ఉంటుంది. నిద్రపోయేటప్పుడు కూడా తీయడు, ఎడమ వైపు తిరిగి పడుకుంటాడు, అందుకు. చీటీ చూశాను. ఆయన పేరే.

నేను భోజనానికి మేడ ఎక్కినప్పుడు వచ్చాడట. నాకోసం అడగలేదు. పెద్దాయన చెప్పాడు: "ఎవరోగానీ చాలా మర్యాదస్తుడమ్మా. 'తొందరేం లేదండీ, మీ దగ్గర పనిచేసేవాళ్ళని తీరిగ్గా చెయ్యమనండి, నేను మళ్ళీ వస్తాను' అన్నాడు."

అంతే. ఇంకేం అనలేదు. ఇది పట్టుకుని ఏ స్టేషనుకి వెళ్ళను? కళ్ళజోడు బాగుచేయమని ఇచ్చాడని చెప్పనా?

కాడ సరిచేశాను. స్క్రూ మార్చాను. అద్దాలు తుడిచాను. చేతులు కొంచెం కూడా వణకలేదు. వణకనందుకే ఏడుపొచ్చింది. ఆ ఇంట్లోనూ ఇలాగే ఉండేదాన్ని, గడియ చప్పుడు విని, కూర తరుగుకుంటూ.

పెద్దాయనకి అంతా చెప్పాను. "నేనే తీసుకున్నానమ్మా, నా చేత్తోనే చీటీ రాశాను" అని అదే మాట అంటూ ఉన్నాడు. ఆయన్ని ఓదార్చడం నా వంతైంది.

సంచి సర్దాను. చేయలేనన్నాను కదా, చేయొచ్చు. దిండు పట్టలేదు.

ఎక్కడికో నీకు చెప్పను. నువ్వు ఎవరికో చెప్పేస్తావని కాదు. నీకు తెలిస్తే, ఎప్పుడో ఒకప్పుడు, ఎక్కడో ఒకచోట, దాన్ని సరిగ్గా రాస్తావు. నీ వల్ల కాదు రాయకుండా ఉండడం. నన్ను ఎవరైనా అడిగితే నాకు చెల్లి ఉందని చెబుతాను. ఇల్లెక్కడంటే తెలియదంటాను. నువ్వూ అలాగే చెప్పు, నీకది నిజమే అవుతుంది.

నేను రాసే దాకా రాయకు. రాయకపోతే బాగున్నాననే అనుకో.

అక్క


కళ్ళజోళ్ళ కొట్టు,
ఆదివారం

అక్కా,

నువ్వు రాయొద్దన్నావు. నెలలు గడిచాయి, ఆగాను. ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. పెద్దాయన చేతికి ఇస్తున్నాను. నువ్వెప్పుడైనా కబురు పంపితే ఇస్తానన్నారు. "పంపుతుందంటారా?" అని అడిగితే, "అమ్మాయి మొండిది కదా" అన్నారు. పంపుతావనో, పంపవనో తెలియలేదు.

సెలవు పెట్టి వచ్చాను. ఇక్కడికి నేను రావడం ఇదే మొదలు. నీ కిటికీ చూశాను. దిండు కుర్చీ మీదే ఉంది. గది ఎవరికీ ఇవ్వలేదట. పెద్దాయన గోడ మీది అక్షరాల బోర్డు మార్చేశారు. నన్ను నిలబెట్టి చదివించారు. ఆఖరి వరుస నాకు కనబడలేదు.

నువ్వు బాగుచేసిన ఆ కళ్ళజోడు కోసం ఆయన మళ్ళీ వచ్చాడట. పెట్టుకుని అద్దంలో చూసుకుని, "చాలా చక్కగా చేశారు" అన్నాడట. "ఎవరు చేశారు?" అనైనా అడగలేదట. తర్వాత కూడా అప్పుడప్పుడు వస్తున్నాడు. తుడిచే గుడ్డ కావాలనో, కళ్ళజోడు పెట్టె కావాలనో. కొని, కొంచెంసేపు నిలబడి, వెళతాడు. పెద్దాయన అమ్మనని చెప్పలేకపోతున్నారు. ఏమని చెబుతారు?

నా దగ్గరికి రాలేదు. ఎందుకు రాలేదోనని రోజూ తలుపు చూస్తాను.

నేను పంపిన పెద్ద పుస్తకం లైబ్రరీకి తిరిగి వచ్చింది. పంపినవాళ్ళ పేరు లేదు. కట్టిన తాడు ముడి నీదే. పేజీలన్నీ వెతికాను, నాకోసం ఏదైనా పెట్టావేమోనని. లేదు. మూల కూడా మడవలేదు.

నీ సభ్యత్వం పూర్తిగా రద్దు చేయించాలని సెక్రటరీ గారికి అర్జీ పెట్టాను. దొంగతనం తర్వాత నియమాలు గట్టివి చేశారు. సభ్యురాలే అడగాలట, అది కూడా నమోదైన మెయిలు నుంచే. "నియమం మంచిదేనమ్మా, ఎవరు పడితే వాళ్ళు రద్దు చేయించకుండా" అన్నారు. ఆ నియమం నాచేతే రాయించారు. కాబట్టి నువ్వింకా మా సభ్యురాలివే.

ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది, వాళ్ళ నాన్నని వెంటబెట్టుకుని. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదువుకుంటున్నారు. హెడ్మాస్టరు గారి ఆవిడ ఇప్పుడు తన పేరుతోనే ఖాతా తెరిచింది. ఇవన్నీ నీకు చెబితే నవ్వుతావని రాస్తున్నాను. ఇదంతా బయటపడడం వల్ల మంచి కూడా జరిగిందని చెప్పడానికి కాదు.

ఉత్తరం మడిచే ముందు ఒకటి చెప్పాలి. ఆ నోటీసు అడుగున, ఏమైనా అడగాలంటే ఈ మెయిలుకి రాయండి అని ఉంటుంది. ఆ జవాబులు చదివేది నేనే. దాదాపు అందరూ తిట్టారు. అక్కా, నువ్వు నీ నోటీసు ఎటు పోయిందని అడగకముందే, నోటీసులు వెళ్ళిన సాయంత్రమే, నీ ఖాతా మెయిలు నుంచి ఒక జవాబు వచ్చింది. నువ్వే ఎవరి ఫోనులోంచో రాశావనుకుని సంతోషించాను. "ఇంత వివరంగా తెలియజేసినందుకు ధన్యవాదాలు" అని ఉంది.

నీ చెల్లి